తెలుగు పరిశోధనలో పీడీఎఫ్ ఫైళ్ళు: వీక్షణ సమస్యలు – కారణాలు, పరిష్కారాలు

సారాంశం

తెలుగు పరిశోధకులకు అవసరమైన ప్రాథమిక ఆకరాలు, సిద్ధాంతగ్రంథాలు, వ్యాసాలు నేడు ఎక్కువగా పీడీఎఫ్ రూపంలోనే అందుతున్నాయి. ఈ ఫైళ్ళను కంప్యూటర్‌లో చూసేటప్పుడు ఫైలు తెరుచుకోకపోవడం, అక్షరాలు చెడి కనిపించడం, కనిపించిన పదం వెతికితే దొరకకపోవడం వంటి ఇబ్బందులు ఎదురవుతున్నాయి. పైకి ఒకేలా కనిపించే ఈ సమస్యలకు మూలాలు వేర్వేరు. పీడీఎఫ్ నిర్మాణాన్ని మూడు పొరలుగా విభజించి, ఏ సమస్య ఏ పొరలో పుడుతుందో, దానిని ఎలా గుర్తించి సరిచేయాలో ఈ వ్యాసం వివరిస్తుంది. వెతుకులాటలో పదం దొరకకపోవడాన్ని ఆ పదం గ్రంథంలో లేదనడానికి ఆధారంగా తీసుకోరాదని నిరూపించడం దీని ప్రధాన లక్ష్యం.

కీలక పదాలు: పీడీఎఫ్, ఫాంట్, యూనికోడ్, స్కానింగ్, అక్షర గుర్తింపు, హుస్సేనీ ఆలం, శోధగంగ.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు పాతబస్తీలో చార్మినార్‌కు చేరువలో ఉన్న ప్రాంతం హుస్సేనీ ఆలం. ఇక్కడ ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల ఉంది. ఇక్కడి నుంచి మూసీనది దాటితే అఫ్జల్‌గంజ్‌లో 1891లో అసఫియా గ్రంథాలయంగా మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, సుల్తాన్ బజార్‌లో 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం కనిపిస్తాయి. ఒకప్పుడు తెలుగు పరిశోధకుడు ఇటువంటి గ్రంథాలయాల బీరువాల ముందు గడిపిన సమయంలో పెద్ద భాగం నేడు కంప్యూటర్ తెర ముందు గడుస్తున్నది.

ఈ ప్రాంత చరిత్రపై పరిశోధించే ఒక విద్యార్థిని ‘హుస్సేనీ ఆలం’ అన్న పేరును ఇరవై తెలుగు పీడీఎఫ్ గ్రంథాలలో వెతికిందని అనుకుందాం. ఒక్క ఫలితమూ రాలేదు. ఆమె ముందు రెండు అవకాశాలు ఉంటాయి. ఆ గ్రంథాలలో ఆ పేరు నిజంగా లేకపోవచ్చు. లేదా ఉన్నప్పటికీ కంప్యూటర్ దానిని చదవలేకపోయి ఉండవచ్చు. ఈ రెండింటిని వేరుచేయలేకపోతే ‘తెలుగు రచయితలు ఈ ప్రాంతాన్ని పట్టించుకోలేదు’ అన్న తప్పుడు సిద్ధాంతం పుడుతుంది. కాబట్టి పీడీఎఫ్ సమస్యలను సాంకేతిక సిబ్బందికి వదిలివేయదగిన చిన్న విషయంగా చూడరాదు. ఆకరాన్ని సరిగా చదవడమనే పరిశోధన పద్ధతిలో ఇవి భాగం.

2. పీడీఎఫ్ నిర్మాణం: మూడు పొరలు

అడోబీ సంస్థ 1993లో పీడీఎఫ్‌ను ప్రవేశపెట్టింది. 2008లో ఇది అంతర్జాతీయ ప్రమాణంగా గుర్తింపు పొందింది. ఏ కంప్యూటర్‌లో తెరిచినా పుట ఒకే రూపంలో కనిపించాలన్నది దీని మౌలిక ఉద్దేశం. పుటపై ఏ ఆకారం ఏ స్థానంలో ఉండాలో పీడీఎఫ్ నమోదు చేసుకుంటుంది. ఆ ఆకారం ఏ అక్షరమన్నది దానికి రెండవ ప్రాధాన్యం మాత్రమే. తెలుగు ఫైళ్ళలోని సమస్యలలో అధికభాగం ఈ ప్రాధాన్య క్రమం నుంచే పుడుతున్నాయి.

అవగాహన కోసం పీడీఎఫ్‌ను మూడు పొరలుగా భావించవచ్చు. మొదటిది ఫైలు పొర: సమాచారం పూర్తిగా, చెడకుండా ఉన్నదా అన్నది దీనికి సంబంధించినది. రెండవది ఆకృతి పొర: తెరపై కంటికి కనిపించే అక్షర రూపాలు ఇందులో ఉంటాయి. మూడవది పాఠ పొర: ఆ రూపాల వెనుక కంప్యూటర్ గుర్తించగల అక్షర సంకేతాలు ఉంటాయి. చదవడానికి రెండవ పొర చాలు. వెతకడానికి, కాపీ చేయడానికి, సారూప్యత పరీక్షకు మూడవ పొర తప్పనిసరి. సమస్య ఎదురైనప్పుడు అది ఏ పొరకు చెందినదో ముందుగా తేల్చుకోవాలి.

3. ఫైలు పొర: తెరుచుకోని పీడీఎఫ్‌లు

ఫైలు అసలు తెరుచుకోనప్పుడు మొదట చూడవలసినది దాని పరిమాణం. వెబ్‌సైట్‌లో 40 ఎంబీ అని సూచించిన గ్రంథం కంప్యూటర్‌లో 12 ఎంబీ మాత్రమే ఉంటే డౌన్‌లోడ్ మధ్యలో ఆగిపోయిందని అర్థం. పీడీఎఫ్‌లో ఏ పుట ఎక్కడ ఉందో తెలిపే పట్టిక సాధారణంగా ఫైలు చివరిభాగంలో ఉంటుంది. చివర చిరిగిపోయిన పుస్తకానికి విషయసూచిక కూడా ఆ చిరిగిన పుటలలోనే ఉంటే ఎలా ఉంటుందో, సగంలో ఆగిన పీడీఎఫ్ అలా ఉంటుంది. కొన్ని వీక్షణ సాఫ్ట్‌వేర్లు ఆ పట్టికను తిరిగి నిర్మించే ప్రయత్నం చేస్తాయి కానీ, రాని పుటలను సృష్టించలేవు. అందుచేత ఫైలును మళ్ళీ దించుకోవడమే సరైన పరిష్కారం.

పరిమాణం కొన్ని కేబీలు మాత్రమే ఉన్నప్పుడు కారణం వేరు. సర్వర్ పంపిన దోష సందేశపు పుట పీడీఎఫ్ అన్న పేరుతో భద్రమై ఉండవచ్చు. ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే విషయం తెలిసిపోతుంది. నిజమైన పీడీఎఫ్ మొదటి వరుసలో శాతం గుర్తు, దాని వెంట పీడీఎఫ్ అన్న రోమన్ అక్షరాలు, కూర్పు సంఖ్య ఉంటాయి. వాటికి బదులు వెబ్ పుట సంకేతాలు కనిపిస్తే అది పీడీఎఫ్ కాదు.

ఫైలు సక్రమంగా ఉన్నా తెరుచుకోకపోతే వీక్షణ సాఫ్ట్‌వేర్‌ను మార్చి చూడాలి. బ్రౌజర్‌లో తెరుచుకోని ఫైలును కంప్యూటర్‌లో భద్రపరచి అడోబీ అక్రోబాట్ రీడర్‌లో గాని, సుమత్రా పీడీఎఫ్, ఓకులర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లలో గాని తెరవాలి. రెండు వేర్వేరు సాఫ్ట్‌వేర్లలో ఒకే దోషం కనిపిస్తే లోపం ఫైలులో ఉండే అవకాశం ఎక్కువ. ఒకదానిలోనే కనిపిస్తే ఆ సాఫ్ట్‌వేర్‌ను నవీకరించాలి.

కొన్ని దరఖాస్తు పత్రాలు తెరిచినప్పుడు వేచి ఉండమన్న ఆంగ్ల సందేశం మాత్రమే కనిపించి, పత్రం ఎంతసేపటికీ రాదు. ఇవి ఎక్స్‌ఎఫ్‌ఏ అనే పాత పద్ధతిలో తయారైన పత్రాలు. చాలా వీక్షకాలకు ఈ పద్ధతి తెలియదు. ఇటువంటి పత్రాలను కంప్యూటర్‌లోని అక్రోబాట్ రీడర్‌లో తెరిచి నింపడం మేలు. ఈ సందర్భాలలో తెరపై ప్రత్యక్షమయ్యే అపరిచిత ప్లగిన్ ప్రకటనలను అనుసరించి ఏదీ స్థాపించకూడదు.

4. ఆకృతి పొర: చెడి కనిపించే అక్షరాలు

ఫైలు తెరుచుకున్నా తెలుగు అక్షరాల స్థానంలో గడులు, చుక్కలు, రోమన్ అక్షరాలు కనిపించడం రెండవ రకం సమస్య. దీనిని అర్థం చేసుకోవడానికి తెలుగు డీటీపీ చరిత్రను స్పృశించాలి.

యూనికోడ్ వ్యాప్తికి ముందు అను, శ్రీలిపి వంటి సాఫ్ట్‌వేర్లతో పేజ్‌మేకర్‌లో పుస్తకాలను కూర్చేవారు. ఆనాటి ఫాంట్‌లో గరిష్ఠంగా 256 స్థానాలు ఉండేవి. తెలుగు గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు అన్నీ అందులో ఇమడవు. అందుచేత అక్షరాన్ని తలకట్టు, దీర్ఘం, ఒత్తు వంటి ముక్కలుగా విడదీసి, రోమన్ అక్షరాలకు కేటాయించిన స్థానాలలో ఆ ముక్కలను ఉంచారు. కంప్యూటర్ దృష్టిలో అది రోమన్ పాఠమే. ఫాంట్ అనే ముసుగు వల్ల తెలుగుగా కనిపిస్తుంది. ఫాంట్ లేకుంటే ముసుగు తొలగి, అర్థంలేని రోమన్ అక్షరాలు బయటపడతాయి.

పీడీఎఫ్ తయారుచేసేటప్పుడు ఫాంట్‌ను ఫైలులోనే పొదిగితే ఈ చిక్కు రాదు. పొదగని పక్షంలో చూసేవారి కంప్యూటర్‌లో అదే ఫాంట్ ఉండాలి. లేనప్పుడు వీక్షకం మరొక ఫాంట్‌ను వాడుకుంటుంది. దీనిని నిర్ధారించుకోవడం సులభం. అక్రోబాట్ రీడర్‌లో కంట్రోల్, డి మీటలను కలిపి నొక్కితే ఫైలు లక్షణాలు తెరుచుకుంటాయి. అందులో ఫాంట్స్ విభాగాన్ని చూడాలి. ఫాంట్ పేరు పక్కన ఎంబెడెడ్ లేదా ఎంబెడెడ్ సబ్‌సెట్ అని ఉంటే ఫాంట్ ఫైలులోనే ఉన్నట్టు. ఆ మాట లేకుంటే లేనట్టు. అప్పుడు ఆ ఫాంట్‌ను సంపాదించి కంప్యూటర్‌లో స్థాపించడం ఒక మార్గం. ఫైలును రూపొందించినవారి నుంచి ఫాంట్ పొదిగిన ప్రతిని కోరడం అంతకంటే మేలైన మార్గం.

ఈ సమస్య తెలుగుకే పరిమితం కాదు. హుస్సేనీ ఆలం పరిసరాలలో తెలుగుతో పాటు ఉరుదూ నిత్యవ్యవహారంలో ఉంది. పాతబస్తీలోని ఛత్తా బజార్ ఉరుదూ ముద్రణకు పేరుపొందింది. ఉరుదూ నస్తాలీఖ్ లిపిలో అక్షరాల కలయికలు వేల సంఖ్యలో ఉంటాయి. 1981లో రూపొందిన నూరీ నస్తాలీఖ్‌లోని ఆకారాలను కంప్యూటర్ కోసం అనేక ఫాంట్ ఫైళ్ళుగా విభజించవలసి వచ్చింది. 1994లో వచ్చిన ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్‌తో తయారైన పాత పీడీఎఫ్‌ల నుంచి పాఠాన్ని కాపీ చేస్తే అది తరచు చదవడానికి వీలులేని చిహ్నాలుగా మారుతుంది. రెండు లిపుల స్వభావం వేరైనా, ఎనిమిది బిట్ల ఇరుకులో ఇమడటానికి అవి పడిన పాట్లు ఒకటే. తెలుగు, ఉరుదూ ఆకరాలను కలిపి చదివే తులనాత్మక పరిశోధకులు ఈ సామ్యాన్ని గమనించాలి.

5. పాఠ పొర: కనిపించినా దొరకని పదాలు

మొదటి రెండు పొరలలోని లోపాలు కంటికి తెలుస్తాయి. మూడవ పొరలోని లోపం కంటికి తెలియదు. పుట స్పష్టంగా ఉంటుంది, చదవడానికి ఆటంకం ఉండదు. కంట్రోల్, ఎఫ్ మీటలతో వెతికినప్పుడు మాత్రం ఫలితం శూన్యం. పరిశోధకులను ఎక్కువగా తప్పుదారి పట్టించేది ఈ పొరే. ఇందులో మూడు స్థితులు ఉన్నాయి.

5.1 వరుస తప్పిన యూనికోడ్ పాఠం

యూనికోడ్ తెలుగులో అక్షరాలు ఉచ్చారణ క్రమంలో నమోదవుతాయి. ‘స్త్రీ’ అన్న అక్షరంలో ముందుగా హల్లులు, చివర ఈకారం వస్తాయి. పుటపై ముద్రితమయ్యే క్రమం దీనికి భిన్నం. ఈకారం సకారపు తలపై ఉంటుంది. తకార రకారాల ఒత్తులు ఆ తరువాత చేరతాయి. పీడీఎఫ్ ఈ దృశ్యక్రమంలోనే ఆకారాలను నమోదు చేసి, ఉచ్చారణ క్రమాన్ని విడిగా భద్రపరచకపోతే కాపీ చేసినప్పుడు ‘స్త్రీ’ కాస్తా ‘సీ్త్ర’ అవుతుంది. ‘విద్యార్థి’ అన్న పదం ‘విద్యారి్థ’గా మారుతుంది. ఇటువంటి రూపాలు సిద్ధాంతగ్రంథాలలోని ఉదాహరణలలోకి చొరబడితే అవి మూలగ్రంథ దోషాలుగా భ్రమింపజేస్తాయి. కాపీ చేసిన ప్రతి ఉల్లేఖనాన్ని మూలపుటతో సరిచూడడం అందుకే తప్పనిసరి.

ఇటువంటి ఫైలులో ‘స్త్రీవాదం’ అని వెతికితే దొరకదు. ఒత్తులు లేని ‘వాదం’ అన్న భాగంతో వెతికితే దొరికే అవకాశం ఉంది. సంయుక్తాక్షరాలు లేని పదభాగాన్ని ఎంచుకోవడం ఇక్కడ పనికివచ్చే ఉపాయం.

5.2 పాత ఫాంట్‌లోని పాఠం

అను వంటి ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ కంటికి నిర్దోషంగా ఉంటుంది. దాని పాఠ పొరలో మాత్రం తెలుగు సంకేతం ఒక్కటీ ఉండకపోవచ్చు. యూనికోడ్‌లో టైప్ చేసిన తెలుగు పదం అందులో ఎన్నటికీ దొరకదు. పాఠాన్ని కాపీ చేసి, ఆయా ఫాంట్లకు తగిన మార్పిడి సాఫ్ట్‌వేర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. మార్చిన తరువాత ఒత్తులను, విరామచిహ్నాలను, అంకెలను ప్రత్యేకంగా సరిచూసుకోవాలి.

దీనికి విద్యావిషయకమైన మరొక పర్యవసానం ఉంది. పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథాల డిజిటల్ ప్రతులు ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహించే శోధగంగలో చేరుతున్నాయి. 2018లో యూజీసీ తెచ్చిన నిబంధనల ప్రకారం 10 శాతం వరకు ఉన్న సారూప్యతకు శిక్ష లేదు. సారూప్యతను కొలిచే సాఫ్ట్‌వేర్ పని ప్రధానంగా పాఠ పొరపైనే ఆధారపడుతుంది. పాత ఫాంట్‌లోని గ్రంథం గాని, స్కాన్ చిత్రాలు మాత్రమే ఉన్న గ్రంథం గాని దానికి తరచు అగమ్యం. అటువంటి గ్రంథానికి వచ్చే సున్నా శాతం మౌలికతకు ప్రమాణం కాజాలదు. అదే విధంగా ఆ గ్రంథం నుంచి ఎవరైనా యథాతథంగా తీసుకున్నా, పోల్చడానికి పాఠం లేనందున ఆ సంగతి బయటపడదు. పర్యవేక్షకులు నివేదికను చూసే ముందు ఫైలులో నిజమైన తెలుగు పాఠం ఉన్నదో లేదో పరీక్షించాలి.

5.3 వర్ణక్రమ భేదాలు

పాఠ పొర నిర్దోషంగా ఉన్నప్పటికీ వెతుకులాట విఫలం కావచ్చు. ‘హుస్సేనీ ఆలం’ అన్న పేరే ఇందుకు మంచి ఉదాహరణ. పీరును, పతాకాన్ని సూచించే ఉరుదూ పదం ‘అలం’. తెలుగు వ్యవహారంలో అది ‘ఆలం’గా స్థిరపడింది. గ్రంథాలలో ఈ పేరు హుస్సేనీ ఆలం, హుస్సేని ఆలం, హుసేనీ ఆలం, హుస్సేనీ అలం, హుస్సేనీఆలం అని పలువిధాలుగా ఉండవచ్చు. చివరి సున్నకు బదులు పొల్లు మకారం రాసినా కంప్యూటర్‌కు అది వేరే పదమే.

కంటికి కనిపించని భేదం మరొకటి ఉంది. ‘సాఫ్ట్‌వేర్’ వంటి పదాలలో పొల్లును ఒత్తుగా మారకుండా ఆపడానికి వెడల్పులేని ఒక అదృశ్య చిహ్నాన్ని వాడతారు. వెతికే పదంలో అది ఉండి, గ్రంథంలో లేకపోతే వెతుకులాట విఫలం కావచ్చు. కాబట్టి పూర్తి పదానికి బదులు ‘హుస్సే’, ‘హుసే’ వంటి చిన్న భాగాలతో పలుమార్లు వెతకడం శ్రేయస్కరం.

6. స్కాన్ చేసిన గ్రంథాలు

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ప్రాజెక్టులో హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ వంటి కేంద్రాలు పాలుపంచుకున్నాయి. అందులో స్కాన్ అయిన తెలుగు గ్రంథాలు అనేకం నేడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో లభిస్తున్నాయి. ఇవి పుటల ఛాయాచిత్రాలు. వీటిలో ఆకృతి పొర చిత్రరూపంలో ఉంటుంది; పాఠ పొర ఉండకపోవచ్చు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో తొలుత వాడిన అక్షర గుర్తింపు సాఫ్ట్‌వేర్‌కు తెలుగు తెలియదు. తరువాత టెసరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను వాడడంతో తెలుగు పాఠం కూడా చేరసాగింది. ఒకే సంగ్రహంలోని రెండు గ్రంథాలలో ఒకటి వెతకడానికి లొంగి, మరొకటి లొంగకపోవడానికి ఇదొక కారణం.

స్కాన్ ఫైళ్ళు నెమ్మదిగా తెరుచుకోవడానికి, పుటలు తెల్లగా ఉండిపోవడానికి కారణం చిత్ర పరిమాణం. అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేసిన ఏ4 పుటలో సుమారు 87 లక్షల చుక్కలు ఉంటాయి. రంగుల పుట అయితే తెరపైకి రావడానికి 26 ఎంబీ వరకు జ్ఞాపకశక్తి కావాలి. అంగుళానికి 600 చుక్కలైతే ఇది నాలుగు రెట్లవుతుంది. ఫైలు కుదించి ఉన్నందున డిస్కులో చిన్నదిగా కనిపించినా, తెరిచినప్పుడు ఈ భారం తప్పదు. కళాశాల ప్రయోగశాలలోని పాత కంప్యూటర్లలో పుటలను వరుసగా జరిపే పద్ధతికి బదులు ఒక్కొక్క పుటనే చూపే పద్ధతిని ఎంచుకోవాలి. తేలికైన వీక్షకాన్ని వాడడం, గ్రంథాన్ని అధ్యాయాలుగా విభజించుకోవడం కూడా ఉపకరిస్తాయి. కొన్ని స్కాన్లలో వాడిన జేపెగ్ 2000 కుదింపును పాత వీక్షకాలు సరిగా చూపలేవు. తెల్లపుటలు వచ్చినప్పుడు మరొక వీక్షకంలో తెరిచి చూసిన తరువాతనే పుట లోపించిందని నిర్ణయించాలి.

చిత్రాల నుంచి పాఠాన్ని పొందడానికి టెసరాక్ట్‌ను గాని, గూగుల్ డ్రైవ్‌లోని సదుపాయాన్ని గాని వాడవచ్చు. పీడీఎఫ్‌ను డ్రైవ్‌లో ఉంచి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు పాఠం వస్తుంది. పెద్ద గ్రంథాన్ని ఒకేసారి ఇవ్వకుండా చిన్న భాగాలుగా ఇవ్వాలి. పాత ముద్రణలలోని అరసున్న, బండి ర, వలపలగిలక, చ జ ల దంత్యోచ్చారణ గుర్తులు ఈ ప్రక్రియలో తరచు మారిపోతాయి. 1926లో మొదలైన గోలకొండ పత్రిక వంటి పాత పత్రికలలో బహుళ కాలమ్‌లు, మసకబారిన సిరా ఈ కష్టాన్ని పెంచుతాయి. వ్యాకరణ, ఛందో పరిశోధనలో అరసున్న ఒక్కటి పోయినా అర్థం మారగలదు. అందుచేత గుర్తింపు పాఠాన్ని దారి చూపే సూచికగానే వాడి, ఉల్లేఖనాన్ని పుటచిత్రం నుంచే తీసుకోవాలి.

వీక్షకం చూపే పుటసంఖ్యకు, గ్రంథంలో ముద్రితమైన పుటసంఖ్యకు తేడా ఉండటం మరొక జాగ్రత్త. ముఖచిత్రం, పీఠికలు కూడా లెక్కలోకి రావడం వల్ల గ్రంథంలోని 25వ పుట వీక్షకంలో 41గా కనిపించవచ్చు. సూచికలలో ముద్రిత సంఖ్యనే ఇవ్వాలి. తెరపై సరిగా ఉన్న పుట ముద్రణలో చెడితే, ముద్రణ అమరికలోని అడ్వాన్స్‌డ్ విభాగంలో పుటను చిత్రంగా ముద్రించే ఎంపికను వాడితే సాధారణంగా సరిపోతుంది.

7. కొత్త పీడీఎఫ్‌ల తయారీలో జాగ్రత్తలు

పాత ఫైళ్ళ లోపాలతో ఇబ్బంది పడుతున్న పరిశోధకులే నేడు కొత్త ఫైళ్ళను తయారుచేస్తున్నారు. సిద్ధాంతగ్రంథాన్ని యూనికోడ్‌లోనే కూర్చాలి. వర్డ్‌లో పీడీఎఫ్‌గా భద్రపరిచేటప్పుడు ఆప్షన్స్‌లో పీడీఎఫ్/ఏ ఎంపికను గుర్తించాలి. 2005లో వెలువడిన ఈ ప్రమాణం దీర్ఘకాలిక భద్రత కోసం ఉద్దేశించినది. ఫాంట్లను పొదగడం ఇందులో తప్పనిసరి. ముద్రించిన ప్రతిని తిరిగి స్కాన్ చేసి సమర్పించే అలవాటును మానుకోవాలి.

సమర్పణకు ముందు ఒక చిన్న పరీక్ష చాలు. ఫైలులోని ఒక వాక్యాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించాలి. ఆ వాక్యంలో ‘స్త్రీ’, ‘విద్యార్థి’, ‘క్షేత్రం’ వంటి సంయుక్తాక్షరాలు ఉండేలా చూసుకోవాలి. తరువాత అవే పదాలను పీడీఎఫ్‌లో వెతకాలి. రెండు పరీక్షలలోనూ పదాలు యథాతథంగా వస్తే పాఠ పొర ఆరోగ్యంగా ఉన్నట్టు. రాకపోతే ఫాంట్‌ను గాని, పీడీఎఫ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌ను గాని మార్చి మళ్ళీ ప్రయత్నించాలి.

8. ముగింపు

ఈ వ్యాసం ద్వారా తేలిన అంశాలు ఇవి:

1. పీడీఎఫ్ సమస్యలు ఫైలు, ఆకృతి, పాఠం అనే మూడు పొరలలో పుడతాయి. పొరను గుర్తించిన తరువాతనే పరిష్కారాన్ని ఎంచుకోవాలి.

2. తెరుచుకోని ఫైలుకు పరిమాణ పరిశీలన, మరొక వీక్షకంలో పరీక్ష. చెడిన అక్షరాలకు ఫాంట్ల పరిశీలన. దొరకని పదాలకు కాపీ పరీక్ష మొదటి మెట్లు.

3. పాత ఫాంట్లలోను, స్కాన్ చిత్రాలలోను ఉన్న తెలుగు గ్రంథాలకు వచ్చే సారూప్యత శాతాన్ని పాఠ పొరను పరీక్షించకుండా విశ్వసించరాదు.

4. ఏదైనా పదం ఒక గ్రంథంలో లేదని చెప్పదలచినప్పుడు, ఆ గ్రంథంలో తప్పక ఉన్నట్టు తెలిసిన మరొక పదాన్ని ముందుగా వెతికి చూడాలి. అదీ దొరకకపోతే లోపం వెతుకులాటలోనే ఉంది.

హుస్సేనీ ఆలం పేరును ఇరవై గ్రంథాలలో వెతికి నిరాశపడిన విద్యార్థినికి ఈ నాలుగవ అంశమే దారి చూపుతుంది. ప్రతి గ్రంథంలోను ‘హైదరా’ అన్న పదభాగాన్ని వెతికి చూస్తే, హైదరాబాదు గురించి పుటలకొద్దీ రాసిన గ్రంథం కూడా శూన్య ఫలితాన్నే ఇవ్వవచ్చు. అటువంటి గ్రంథాలను ఆమె పక్కన పెట్టనవసరం లేదు; వాటిని పుట వెంట పుటగా చదవాలి. అవి ఏవో, ఎన్నో తెలిసిన తరువాతనే ‘లేదు’ అన్న మాటకు పరిశోధనలో విలువ ఏర్పడుతుంది.